మేల్కొన్న లెక్క

మనుషుల మీద అసూయ పడటం నాకు అలవాటే. తోటివాడికి వచ్చిన ప్రమోషన్ మీద పడ్డాను, పక్క చేనులో పడిన బోరు నీళ్ల మీద పడ్డాను. చీకటి మీద అసూయ పడటం మాత్రం గండికోటలో మొదలైంది. నా కుక్క నన్ను కాదని చీకటిని చూస్తూ కూర్చుంటే ఓర్చుకోలేకపోయాను. యాభై దాటినవాడు బయటికి చెప్పుకోదగ్గ సంగతి కాదిది. చెప్పకపోతే లోపలే ఉండి, ప్రేమ అనే పేరుతో చలామణీ అయిపోతుందని చెబుతున్నాను.

జనవరి చలి. పెన్న లోయ అంచుకు బాగా ఎడంగా, చదునైన రాతి నేల మీద గుడారం వేసుకున్నాం. మేమంటే నేను, బ్రూనో, కర్రి. బ్రూనో బెంగళూరులో డబ్బు పెట్టి కొన్న లాబ్రడార్. కర్రి మా ముదిగుబ్బ బస్టాండు దగ్గర టీ అంగడి బెంచీ కింద దొరికిన నల్ల కుక్కపిల్ల. బెంగళూరు అపార్ట్‌మెంటులోనే పెరిగి పెద్దదైంది. ఆ రాత్రి బ్రూనో తిని, నీళ్లు తాగి, గుడారంలో నా కాళ్ల మీద తల పెట్టి పడుకున్నాడు. కర్రి లోపలికి రాలేదు. పొడవాటి తాడు మేకుకు కట్టి ఉంది. ఆ తాడు పోయినంత దూరం పోయి, లోయ వైపు తిరిగి కూర్చుంది.

పిలిచాను. ఒక చెవి మాత్రం నా వైపు తిప్పింది, తల తిప్పలేదు. మళ్లీ పిలిచాను. బిస్కెట్ ప్యాకెట్ గలగలలాడించాను. ఇంట్లో ఆ చప్పుడుకు మూడు గదుల అవతలి నుంచి పరుగెత్తుకొచ్చే కుక్క అది. ఇక్కడ ముక్కు పైకెత్తి గాలిని పీలుస్తోంది, ఆపుతోంది, మళ్లీ పీలుస్తోంది. వీపు మీద వెంట్రుకలు కొద్దిగా లేచాయి. నాకు ఏమీ వినబడటం లేదు. దానికి మాత్రం అక్కడ నాకంటే ముఖ్యమైనది ఏదో ఉంది. అది కాపలా కాస్తోందని, నేను నిశ్చింతగా పడుకోవచ్చని సంతోషించాల్సిన క్షణం అది. నేను చిన్నబుచ్చుకున్నాను. ఇన్నేళ్లు పెంచితే ఇంతేనా అనిపించింది. ఆ మాట పెళ్లయి వేరు పడిన కొడుకుల గురించి పెద్దవాళ్లు అనగా విన్నాను. కుక్క గురించి నా నోటి దాకా వచ్చేసరికి నా మీద నాకే అనుమానం పుట్టింది.

గండికోటకు ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. అరిజోనాలో ఉండే మా మేనల్లుడు తన కుక్కతో లేక్ పావెల్ ఒడ్డున గుడారం వేసుకున్న ఫొటోలు పంపిస్తుంటాడు. ఎర్ర రాతి గోడలు, వాటి మధ్య నీలం నీళ్లు. కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తలుపులు 1963లో మూసేశాక నిండిన చెరువు అది. అలాంటిది మనకు లేదా అని చూస్తే పక్క జిల్లాలోనే ఉంది. ముదిగుబ్బ నుంచి కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా పోతే ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన చోటు గండికోట. కోటకు ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం, మధ్యలో మూడు వందల అడుగుల లోతున రాతి గోడల నడుమ నీళ్లు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికొచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఇప్పుడు శని, ఆదివారాల్లో బెంగళూరు, హైదరాబాదు కార్లు వస్తాయి. వాటిలో నాదొకటి.

మిత్రులతో మాత్రం ఇంకోలా చెప్పుకున్నాను. మా మద్దిలేటి నీళ్లు చిత్రావతిలో కలుస్తాయి, చిత్రావతి పెన్నలో కలుస్తుంది, గండికోటలో ఉన్నవి మా నీళ్లేనన్నాను. వినడానికి బాగుంటుంది. లెక్క చూస్తే నిలవదు. మా అనంతపురం సీమకు ఏడాదికి సగటున పడే వాన 552 మిల్లీమీటర్లు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని చిన్నప్పటి నుంచి బడిలో చదువుకుంటూ వచ్చాం. గండికోట నిండేది శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా వచ్చే కృష్ణా నీళ్లతో. అక్కడి నుంచి ఆ నీళ్లను మోటార్లు పెట్టి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు ఎత్తిపోస్తారు. పైగా గండికోట జలాశయం కింద ఊళ్లున్నాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు జనం సామాన్లు ట్రాక్టర్లకెత్తుకుని కదిలారు. వాళ్ల ఇళ్లను ముంచిన నీళ్ల పక్కన నేను ప్రశాంతత కోసం గుడారం వేశాను. ఇందులో నేరమేమీ లేదు. కానీ ఆ ప్రశాంతతకు నేను ఖర్చు పెట్టింది పెట్రోలు మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

అసూయ దగ్గరికి వస్తాను. ఆ రాత్రంతా దాన్ని తిరగేసి చూశాను. బెంగళూరులో కర్రి రోజు ఎలా గడుస్తుందో తలచుకున్నాను. తలుపు తీసేది నేను. గిన్నెలో అన్నం పెట్టేది నేను. లిఫ్టు బటన్ నొక్కేది నేను. ఏ చెట్టు దగ్గర ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది నేను. వాసన చూడాల్సినవి, వినాల్సినవి, తరమాల్సినవి అన్నీ గోడ అవతల ఉంటే, గోడ లోపల దానికి మిగిలింది నా ముఖం ఒక్కటే. అది పొద్దస్తమానం ఆ ముఖాన్నే చూస్తుంది. ఆ చూపును నేను ప్రేమ అనుకున్నాను. అందులో ప్రేమ లేదనను. కానీ వేరే దిక్కు లేకుండా నేనే ఏర్పాటు చేసి, దాని చూపంతా నా వైపే ఉందని మురిసిపోవడంలో ఎంత నిజాయతీ ఉందో ఆ రాత్రి దాకా లెక్క చూసుకోలేదు.

ఇంకో మెట్టు దిగితే ఇంకా ఇబ్బందిగా ఉంది. ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆఫీసులో నా మాట నడిచే రోజులు పోయాయి. నేను గదిలోకి రాగానే లేచి నిలబడేది ఆ రెండు కుక్కలే. వీధికుక్కను తెచ్చి పెంచుతున్నాడు, ఎంత మంచివాడో అని అపార్ట్‌మెంటులో నాలుగు మాటలు వినబడతాయి. ఆ మాటల రుచి నాకు తెలుసు. కర్రిని బస్టాండు నుంచి తెచ్చినప్పుడు జాలి పడే తెచ్చాను, అబద్ధం లేదు. కానీ ఆ జాలికి ఇన్నేళ్లుగా వడ్డీ వసూలు చేసుకుంటున్నాను. గండికోటలో ఒక్క రాత్రి వాయిదా కట్టకపోయేసరికి అప్పులవాడి కోపం బయటపడింది.

తిరుగు ప్రయాణంలో ముదిగుబ్బలో ఆగాను. చిన్నాయన గొర్రెల మంద ఊరికి కొంచెం దూరంలో కంది కొట్టేసిన చేనులో ఉంది. మాది గొర్రెలు కాసిన కురుబ ఇల్లు. మా నాయన చదువుకుని అందులోంచి బయటపడ్డాడు, చిన్నాయన పడలేదు. ఆయన ఏడాదిలో చాలా భాగం ఆరుబయటే పడుకుంటాడు. వానలు ఎగ్గొట్టిన ఏడు మంద తోలుకుని కడప, నెల్లూరు వైపు వరి మళ్లు వెతుక్కుంటూ పోతాడు. చేనులో మంద నిలిపితే గొర్రెల పేడ, మూత్రం నేలకు ఎరువు. అందుకు రైతు రాత్రికింతని డబ్బులిస్తాడు, ఒక్కోసారి గింజలిస్తాడు. గొర్రెల చుట్టూ కర్రలు నాటి వల కడతారు. పుట్టిన పిల్లల్ని వెదురు గంప కింద మూస్తారు. వల బయట కుక్కలు ఉంటాయి. మంద ఉన్నన్నాళ్లూ ఈ క్రమం మారదు.

కారులోంచి దిగిన బ్రూనోను, వాడి మెడకున్న మెత్తటి పట్టీని చూసి చిన్నాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు.

"దీనికి పనేముంది రా?"

"పనేమీ లేదు చిన్నాయనా. ఊరికే, తోడుకి."

"ఎవురికి తోడు? నీకా, దానికా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన జవాబు కోసం చూడలేదు కూడా. రాళ్ల పొయ్యి మీదున్న కుండలోంచి రాగి సంగటి తీసి మూడు ముద్దలు చేసి, మజ్జిగ పోసి పిసికి, మూడు కుక్కలకు మూడు చోట్ల పెట్టాడు. తను తినకముందే పెట్టాడు. నిమరలేదు, పేరు పెట్టి పిలవలేదు. రెండు కుక్కలు గబగబా తిని చెరో మూలకు పోయాయి. మూడోది ముసలిది. పళ్లు ఊడిపోయాయి, ఒక కంట్లో తెల్లపొర. దాని ముద్దలో మజ్జిగ కాస్త ఎక్కువ పోసి, వేళ్లతో ఉండలు లేకుండా నలిపి, గిన్నె దాని మూతి కిందికి జరిపాడు. అది తింటున్నంతసేపూ మిగతా రెండూ దగ్గరికి రాకుండా పక్కన కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది ఇంక కాపలా కాయదు కదా?" అన్నాను.

"కాయదు."

"మరి ఇంత మేపుతుండావే?"

"అది తినింది లెక్క కాదు రా. అది మేల్కొనింది లెక్క."

రాత్రి నేనూ అక్కడే ఒక కంబళి పరుచుకున్నాను. కర్రిని తాడు కట్టి పక్కన పెట్టుకున్నాను. అర్ధరాత్రి దాటాక అది లేచి కూర్చుంది, చిన్నాయన కుక్కలు చూస్తున్న వైపే చెవులు నిక్కించింది. అలవాటు కొద్దీ పిలవబోయాను. చిన్నాయన కంబళిలోంచే అన్నాడు: "పిలవద్దు. అది ఇంటాంది." ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. మనిషి వస్తే కుక్క ఒక రకంగా అరుస్తుందట, నక్క వస్తే ఇంకో రకంగా. తోడేలు వస్తే ముందు అరవదట, లేచి నిలబడి గుర్రుమంటుందట. ఏ అరుపుకు లేవాలో, ఏ అరుపుకు పక్కకు తిరిగి పడుకోవాలో ఆయనకు నిద్రలోనే తెలుస్తుంది. ఆయన కుక్కలు ఆయన ముఖం చూడవు. ఆయనా వాటి ముఖం చూడడు. ఇద్దరూ ఒకే వైపు చూస్తారు, మంద వైపు, మంద అవతలి చీకటి వైపు. గండికోటలో నేను అసూయ పడిన కర్రి చూపు ఇక్కడ వృత్తిధర్మం.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ అవుతుంది. పట్నం వాడి ప్రేమ ఉత్తది, పల్లెటూరి కాపరిది అసలైన అనుబంధం అని నీతి చెప్పి లేచి పోవచ్చు. అలా రాయాలని చేయి లాగింది కూడా. కానీ అది నిజం కాదని నాకు తెలుసు. ఇదే చిన్నాయన, కుక్క ఈనిన ఆడపిల్లల్ని గోనెసంచిలో తీసుకెళ్లి ఏటి ఒడ్డున వదిలేసి రావడం చిన్నప్పుడు చూశాను. మందను కాసే కుక్కల్ని ఒక్కోసారి పస్తు పెడతారు, ఆకలితో ఉంటే నిద్రపోవని. తోడేలు గొర్రెను తీసుకుపోయిన చోట, మిగిలిన మాంసానికి విషం పూసి పెట్టే కాపరుల్ని ఎరుగుదును. దాన్ని ఊరి కుక్కలే తిని చస్తాయి. ముసలి కుక్కకు మజ్జిగ సంగటి పెట్టిన చేతులూ, పిల్లల్ని గోనెసంచిలో మోసిన చేతులూ ఒకటే. ఆయనకు ఇందులో వైరుధ్యం కనబడదు. మందకు పనికొచ్చిందా లేదా అన్నదే ఆయన కొలత. పనికొచ్చిన దానికి చచ్చేదాకా కూడు. రానిదానికి ఏమీ లేదు.

అప్పుడు తెలిసింది నేను చేస్తున్న పని. కుక్కను ఎలా అద్దం చేసుకున్నానో, చిన్నాయననూ అలాగే అద్దం చేసుకోబోయాను. కుక్క కళ్లలో మంచివాణ్నిగా కనబడాలని అనుకున్నాను. అది కుదరకపోతే, చిన్నాయనను సాధువును చేసి, ఆయన ముందు తలవంచిన వినయవంతుడిగా కనబడాలని అనుకున్నాను. ఎటు తిప్పినా చివరికి కనబడేది నా ముఖమే. ఆత్మావలోకనానికి కూర్చున్నవాడు ఎక్కువగా జారేది ఇక్కడే అనుకుంటాను. తన్ను తాను నిందించుకోవడంలో కూడా ఒక సొగసు ఉంటుంది, దానికీ చప్పట్లు దొరుకుతాయి. అందుకని నింద పక్కన పెట్టి, ఇద్దరి లెక్కల్లో ఏది నిలుస్తుందో చూడాలనిపించింది.

పని ఉంటేనే కూడు అన్న చిన్నాయన లెక్క పాతది. కానీ అదొక్కటే పాతది కాదు. జర్మనీలో బాన్ నగరం పక్కన ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో రాతి గని కూలీలకు ఒక సమాధి దొరికింది. అందులో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో ఒక కుక్క. దాదాపు పద్నాలుగు వేల ఏళ్ల నాటివి. ఆ కుక్క పళ్లను పరిశీలించి 2018లో పరిశోధకులు చెప్పిన మాట నన్ను పట్టుకుంది. అది ఏడు నెలలు దాటకుండానే చనిపోయిన పిల్ల. అంతకు ముందే డిస్టెంపర్ లాంటి తీవ్రమైన జబ్బు చేసి, వారాల తరబడి అవస్థపడి, మనుషులు పక్కనుండి చూసుకోబట్టే ఆ మాత్రం బతికింది. ఆ వయసులో, ఆ జబ్బుతో అది వేటకూ కాపలాకూ పనికొచ్చేది కాదు. అయినా సాకారు. చచ్చాక తమ వాళ్లతో పాటు పూడ్చారు. మంచుయుగపు వేటగాళ్ల దగ్గర మిగులు తిండి ఏపాటి ఉంటుంది? పని చేయని ప్రాణికి అందులోంచి పంచారంటే, పనిలేని ప్రేమను కార్లూ అపార్ట్‌మెంట్లూ వచ్చాక మేం కనిపెట్టలేదన్నమాట. బ్రూనోను నేను సాకడానికి కూడా పెద్దల ఆనవాయితీ ఉంది.

అటువైపు లేక్ పావెల్ దగ్గర కూడా పని కుక్క, ముద్దు కుక్క అనే ఇదే జంట ఉంది. ఆ చెరువుకు దక్షిణాన ఉన్నది నవాహో జాతి నేల. వాళ్లూ గొర్రెల వాళ్లే. అక్కడి కాపరులు ఏ పేరున్న జాతీ కాని కుక్కల్ని పిల్లలప్పటి నుంచీ గొర్రెల మధ్యే పెంచుతారు. ముద్దు చేయరు, మనుషులకు మరిగించరు. కయోటీలు రాకుండా అవి మందను కాస్తాయి. నీటి ఒడ్డున మా మేనల్లుడి కుక్క లైఫ్ జాకెట్ వేసుకుని ఫొటో దిగుతుంది. గట్టు మీద ఇంకో కుక్క మందతో నడుస్తుంది. రెండు చోట్లా కొండల మధ్య నీళ్లు నిలిపారు, రెండు చోట్లా కొందరి నేల మునిగింది, రెండు చోట్లా సెలవు గడపడానికి వచ్చినవాడి కుక్క, బతుకు గడపడానికి వచ్చినవాడి కుక్క పక్కపక్కనే ఉన్నాయి. ఏది మంచి కుక్క అని అడగడం దండగ. వాటి మనుషులు వాటికి ఏం బాకీ ఉన్నారన్నది అడగాలి.

ఆ బాకీ మాట మన భారతంలో ఉంది. నన్నయ కథ ఎత్తుకున్నదే ఒక కుక్కపిల్లకు జరిగిన అన్యాయంతో. సరమ అనే ఆడకుక్క కొడుకును, ఏ తప్పూ చేయకపోయినా, జనమేజయుడి తమ్ముళ్లు కొడతారు. సరమ వచ్చి నిలదీస్తుంది. తగునా తగదా అని చూడకుండా సాధువులకు, పేదలకు కీడు చేసేవాళ్లకు అనుకోని భయాలు వచ్చి పడతాయన్నది ఆ తల్లి మాట. ఆ మహాకథ చివర ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. ముద్దొచ్చిందని అనడు, నమ్మి వచ్చినదాన్ని విడవడం పాపమంటాడు. మొదటా చివరా రెండు చోట్లా కుక్క గురించి మాట్లాడింది ధర్మం భాషలోనే. ఇష్టం మాట ఎక్కడా రాదు. ఇష్టం నాది, నాకు తోచినప్పుడు పెరుగుతుంది, అలిగినప్పుడు తగ్గుతుంది. బాకీ అలా కాదు. కర్రి నన్ను చూడకపోయినా అది తగ్గదు.

అయితే బ్రూనోకు, కర్రికి నేనున్న బాకీ ఏమిటి? ముందు కర్రి సంగతి. దానికి కావలసింది గాలి, వాసన, చూడటానికి ఒక చీకటి. నా ముఖం నుంచి దానికి అప్పుడప్పుడు సెలవు కావాలి. బెంగళూరులో ఇప్పుడు నడకకు తీసుకెళ్లినప్పుడు తాడు వదులుగా పట్టి, అది ఆగిన చోటల్లా ఆగుతున్నాను. నన్ను చూడు అని పిలవడం తగ్గించాను. బ్రూనో బాకీ వేరే. మంచు దేశపు చేపల రేవుల్లో పుట్టిన జాతి వాడిది. ఆ దట్టమైన బొచ్చుతో వాణ్ని రాయలసీమ రాతి మీదికి తెచ్చింది నా ముచ్చట. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, మిగతా వేడంతా రొప్పుతూ నాలుక మీదుగా వదలాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నం గండికోట బండకు నా చేతి వెనక భాగం కూడా ఆనించలేను. వాడు దాని మీద నడవాలి. చలికాలంలో వెళ్లినప్పుడే, సాయంత్రం వాడి కాలి వేళ్ల మధ్య నుంచి పల్లేరుకాయ ముళ్లు ఒక్కొక్కటే తీస్తుంటే, ఓపిగ్గా నా చేతిలో కాలు పెట్టి కూర్చున్నాడు. నొప్పి పెట్టినప్పుడల్లా నా మణికట్టును నాకాడు. వాడికి ఎండాకాలం గండికోట అక్కర్లేదు, నాకే కావాలి. అందుకని వాణ్ని ఇంక చలికాలంలో తప్ప అటు తీసుకెళ్లను.

బాకీ మన కుక్కలతోనే ఆగదు. ఆ రాత్రి కర్రి ఏ వాసన పీల్చిందో నాకు తెలియదు. నక్క కావచ్చు, తోడేలూ కావచ్చు. మా అనంతపురం మెట్టల్లో తోడేలు ఇంకా ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులితో సమానంగా రక్షణ ఉన్న జంతువు అది. తోడేలుకు గొర్రె ఒక్కటే ఆశ, కాపరి విషం ఒక్కటే భయం అనుకుంటాం. ఊరి కుక్కలు, పెంపుడు కుక్కలు కూడా దానికి ముప్పే. రేబిస్, డిస్టెంపర్ మన కుక్కల నుంచి అడవి జంతువులకు అంటుకుంటాయి. 2018లో గిర్ అడవిలో వరసగా చనిపోయిన సింహాల్లో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. పుణె దగ్గర తోడేలుకు, కుక్కకు పుట్టిన సంకరం ఉన్నట్టు జన్యు పరీక్షలో తేలింది. నేను ప్రకృతి ఒడి అనుకుని వెళ్లిన చోటు ఇంకొకరి ఇల్లు. అక్కడ టీకా వేయించని కుక్కను వదలడం వాళ్ల బావిలో మురికి కలిపినంత పని.

అసూయ పోయిందా అంటే పోలేదు. మొన్న కూడా కర్రి బాల్కనీలో కూర్చుని ఎదుటి మిద్దె మీద పావురాల్ని చూస్తుంటే, పిలిచాను, రాలేదు, లోపల ఒక ముల్లు కదిలింది. కాకపోతే ఇప్పుడు దాన్ని ప్రేమ ఖాతాలో రాసుకోవడం లేదు. నన్ను ఎవరైనా ఎప్పుడూ చూస్తూ ఉండాలనే కోరిక అది. ఆ కోరిక తీర్చే పని కుక్కకు అప్పగించకూడదు. భార్యకు, పిల్లలకు అప్పగించి ఎంత సాధించానో నాకు తెలుసు.

ఈ చలికాలం గండికోటకో, చిత్రావతి జలాశయం ఒడ్డుకో, మరో రాతి లోయకో మీ కుక్కతో వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. వెళ్లే ముందు రేబిస్ టీకా, డిస్టెంపర్ టీకా గడువు చూసుకోండి. మీ నీళ్లతో పాటు దానికీ నీళ్లు, గిన్నె తీసుకెళ్లండి. ఆ ఊళ్ల బిందెల్లోంచి అడగొద్దు. లోయ అంచు దగ్గర, గొర్రెల మంద కనబడిన చోట తాడు విప్పొద్దు. ఒక్క కుక్క బెదరగొడితే చూలు గొర్రె ఈచుకుపోతుంది, ఆ నష్టం కాపరిది. మధ్యాహ్నం బండ మీద నడిపించే ముందు మీ చేతి వెనక భాగం బండకు ఆనించి చూడండి. కుక్క కరిస్తే, మీదైనా వేరేవాళ్లదైనా, పావుగంట సేపు సబ్బుతో కడిగి అదేరోజు టీకాకు వెళ్లండి. రాత్రి అది చీకటి వైపు చూస్తూ కూర్చుంటే పిలవకండి. మీరు పడుకుంటే అది మేలుకొని ఉంటుంది. ఆ లెక్క మాత్రం మర్చిపోకండి.